గెట్ అంటే "పొందు" కాదండీ: ఒక్క ఇంగ్లీష్ వెర్బ్‌ని మన తెలుగులోంచే పట్టుకునే దారి

చాలా ఏళ్ల కిందట బెజవాడలో ఓ ఆఫీసులో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి, అమెరికా వాళ్లతో ఫోన్లో మాట్లాడే పని. ఓ రాత్రి అవతలాయన ఏదో సెట్టింగ్ ఎలా మార్చాలో మొత్తం చెప్పి చివర్లో "గాట్ ఇట్?" అన్నాడు. నేనేమో ఆయన పంపిస్తానన్న మెయిల్ కోసం చూస్తున్నా, ఇన్‌బాక్స్‌లో ఏం లేదు, అందుకని "నాట్ యెట్ సర్" అన్నా. పాపం ఆయన మళ్లీ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు, ఈసారి కాస్త నెమ్మదిగా. "గాట్ ఇట్?" రిఫ్రెష్ కొట్టా, రాలా. "నాట్ యెట్ సర్." మూడోసారి ఒకటో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు ఒక్కో ముక్కా విడదీసి చెప్తుంటే అదే కాల్‌లో ఉన్న మా సీనియర్ మ్యూట్ కొట్టి "ఒరే, మెయిల్ వచ్చిందా అని కాదురా, అర్థమైందా అని అడుగుతున్నాడు" అన్నాడు.

ఇప్పుడు గుంటూరు అరండల్‌పేటలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తున్నా, కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి వారంలోనే ఈ గెట్ గొడవ వస్తుంది. మన స్కూల్లో నేర్పింది ఒకటే, గెట్ అనగా పొందుట. సరే, "ఐ గాట్ ఎ ఫీవర్" అంటే "నేను జ్వరం పొందాను" అనుకోవాలా? "ఇట్స్ గెట్టింగ్ లేట్" అంటే "అది ఆలస్యాన్ని పొందుతోంది" అనా? అసలు పొందడం అనే మాట తెలుగులోనే మనం రోజూ వాడం, సన్మానపత్రాల్లో తప్ప. అందుకే డిక్షనరీ పక్కన పెట్టి ఇంకో దారిలో వెళ్దాం. గెట్‌కి అర్థాలు చాలానే ఉన్నాయి, బట్టీ పట్టక్కర్లేదు, వాటిల్లో ఎక్కువ భాగం మన తెలుగు వాక్యాల్లో ఎక్కడెక్కడ దాక్కుని ఉన్నాయో చూసుకుంటే చాలు.

అడుగు 1: ముందు రూపాలు, "డిడ్ యూ గాట్" జబ్బు వదిలించుకోవడం

గెట్, గెట్స్, గెట్టింగ్, గాట్. మూడో రూపం బ్రిటన్ వాళ్లకి మళ్లీ గాటే, అమెరికా వాళ్లకి గాటెన్. ఈ మాట ఇంగ్లీష్ వాళ్ల సొంతం కాదు, వైకింగులు మాట్లాడిన పాత నార్స్ భాషలో "గెటా" అని ఉంది, అక్కణ్నుంచి వచ్చింది. ఫర్‌గెట్‌లో ఉన్న గెట్ కూడా దీని చుట్టమే, అందుకే గాటెన్ వద్దనే బ్రిటన్ వాళ్లు కూడా ఫర్‌గాటెన్ అంటారు. చరిత్ర ఇంతవరకూ చాలు.

అసలు జబ్బు ఏంటంటే "డిడ్ యూ గాట్ మై మెసేజ్?" అనీ "ఐ డిడింట్ గాట్" అనీ అనడం. ఎంబీఏ చదివినోళ్లు కూడా అంటారు, నేనూ అన్నా. దీనికి గ్రామర్ రూలు చెప్తే ఎవరికీ ఎక్కదు, కానీ తెలుగులోనే ఇదే రూలు ఉంది, మనం గమనించం అంతే. "మెసేజ్ వచ్చింది" అంటాం కదా, మరి కాదనాలంటే? "వచ్చింది లేదు" అనం. "రాలేదు" అంటాం. చూశారా, "వచ్చింది" కాస్తా మళ్లీ "రా" అయిపోయింది, అయిపోయిన సంగతి అని చెప్పే బరువంతా "లేదు" మోస్తోంది. అచ్చంగా అదే పని ఇంగ్లీష్‌లో డిడ్ చేస్తుంది. డిడ్ వచ్చిందంటే గాట్ మళ్లీ గెట్ అయిపోవాల్సిందే. వచ్చింది అంటే గాట్, రాలేదు అంటే డిడింట్ గెట్. ఈ జత ఓ పదిసార్లు పైకి అనుకోండి, మళ్లీ మర్చిపోరు.

అడుగు 2: "నాకు" పరీక్ష

ఇది మొత్తానికి తాళంచెవి లాంటిది. తెలుగులో మనం చాలా వాటికి "నేను" అనకుండా "నాకు" అంటాం. నాకు పార్శిల్ వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చింది. నాకు డెబ్బై మార్కులొచ్చాయి. నాకు సీటు దొరికింది. వస్తువు నడుచుకుంటూ మన దగ్గరకొచ్చినట్టు చెప్తాం. ఇంగ్లీష్ వాడికి ఆ అలవాటు లేదు, వాడు మనిషిని ముందు పెట్టి, ఐ గాట్ ఎ పార్శిల్, ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ సెవెంటీ మార్క్స్, ఐ గాట్ ఎ సీట్ అంటాడు. అంటే "నాకు" పోయి "ఐ" అయింది, "వచ్చింది, దొరికింది" పోయి గాట్ అయింది. ఇది తెలీక "జాబ్ కేమ్ టు మి" అనేవాళ్లని చూశా.

హ్యావ్‌కీ గెట్‌కీ తేడా కూడా ఇక్కడే తేలిపోతుంది. హ్యావ్ అంటే ఉంది, గెట్ అంటే వచ్చింది. "ఐ హ్యావ్ ఎ కోల్డ్" అంటే జలుబుగా ఉంది, "ఐ గాట్ ఎ కోల్డ్" అంటే జలుబు చేసింది. మొదటిది ఇప్పటి పరిస్థితి, రెండోది అది మొదలైన సంగతి.

ఇక ఈ పరీక్ష ఎక్కడ ఫెయిలవుతుందో చెప్పకపోతే నన్ను తిడతారు. "నాకు ఇంగ్లీష్ వచ్చు" దగ్గర గెట్ పనికిరాదు, అది వచ్చింది కాదు, వచ్చు, తెలుసు అని అర్థం, కాబట్టి "ఐ నో ఇంగ్లీష్", ఇంకా బాగా చెప్పాలంటే "ఐ స్పీక్ ఇంగ్లీష్". "నాకు నిద్రొస్తోంది" ని "ఐ యామ్ గెట్టింగ్ స్లీప్" అంటారు మనవాళ్లు, అది "ఐ యామ్ గెట్టింగ్ స్లీపీ" అవ్వాలి, ఆ చివర "ఈ" శబ్దం ముఖ్యం. "నాకు డౌటొచ్చింది" అయితే మనూళ్లో "ఐ గాట్ ఎ డౌట్ సర్" అంటే చెల్లిపోతుంది, బయటివాళ్ల దగ్గర మాత్రం డౌట్ అంటే అనుమానం, మీరు చెప్పేది నేను నమ్మట్లేదు అన్నట్టు వినబడుతుంది, అక్కడ "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి.

అడుగు 3: ఉంది వేరు, అవుతోంది వేరు

గెట్ పక్కన వస్తువు పేరు కాకుండా హాట్, కోల్డ్, యాంగ్రీ, టైర్డ్, బెటర్ లాంటి గుణం చెప్పే మాట వస్తే అర్థం అవ్వడం, మారడం. రోహిణి కార్తెలో బెజవాడ బీసెంట్ రోడ్డులో మధ్యాహ్నం రెండింటికి నిలబడితే "ఇట్స్ హాట్", అందులో మారేదేం లేదు, మాడిపోతున్నాం అంతే. అదే పొద్దున్న ఎనిమిదిన్నరకి బాల్కనీలో కాఫీ తాగుతుంటే ఎండెక్కడం తెలుస్తుంది చూడండి, అది "ఇట్స్ గెట్టింగ్ హాట్". తెలుగులో దీనికి మనం ఒక్కో చోట ఒక్కో మాట వాడతాం, ఎండెక్కుతోంది, చీకటి పడుతోంది, ఆలస్యమవుతోంది, కూర చల్లారిపోతోంది. ఇంగ్లీష్‌లో అన్నిటికీ గెట్టింగే, గెట్టింగ్ హాట్, గెట్టింగ్ డార్క్, గెట్టింగ్ లేట్, గెట్టింగ్ కోల్డ్. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల భాష తేలిక అని ఒప్పుకోవాల్సిందే.

పెళ్లి దగ్గర జాగ్రత్త. "నాకు పెళ్లైంది" అనే మాటకి తెలుగులో రెండర్థాలు, పెళ్లైనవాణ్ణి అనీ, పెళ్లి జరిగింది అనీ. ఇంగ్లీష్‌లో విడగొట్టాలి. "ఐ యామ్ మ్యారీడ్" అంటే పెళ్లైనవాణ్ణి, "ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2015" అంటే ఆ సంవత్సరం జరిగింది అని. ఎవరితో అని చెప్పాలంటే "విత్" కాదు, "టు".

ఇంకోటి, ఇక్కడే బోల్తా పడేది. డాక్టరయ్యాడు, కలెక్టరయ్యాడు అనడానికి గెట్ పనికిరాదు. "హి గాట్ ఎ డాక్టర్" అంటే ఎవరో డాక్టర్ని తీసుకొచ్చాడని అర్థం! మనిషి హోదాకి "బికేమ్" వాడండి.

అడుగు 4: చేరడం, ఎక్కడం, దిగడం

"గెట్ టు" అంటే చేరడం. "వి గాట్ టు విజయవాడ ఎట్ నైన్." హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం టు రాదు, "గాట్ హోమ్" అంతే. మనం వాట్సాప్‌లో "రీచ్‌డ్?" అని పంపుతాం కదా, అది తప్పేం కాదు గానీ బాగా మన బ్రాండ్, వాళ్లయితే "డిడ్ యూ గెట్ హోమ్ సేఫ్?" అంటారు.

ఎక్కడానికి, దిగడానికి తెలుగులో బస్సైనా కారైనా చెట్టైనా ఇంద్రకీలాద్రి కొండైనా ఒకటే మాట. వాళ్లకి రెండు జతలు. లోపల లేచి నిలబడి నడవగలిగేవైతే, అంటే బస్సు, రైలు, విమానం, అప్పుడు గెట్ ఆన్, గెట్ ఆఫ్. తల వంచి దూరి కూర్చునేవి, కారు, ఆటో, అయితే గెట్ ఇన్, గెట్ అవుట్. బైకుకి ఇన్ ఎక్కడుంది, పైనే కదా కూర్చునేది, కాబట్టి ఆన్, ఆఫ్. గుంటూరు నుంచి బస్సులో వస్తూ వారధి దగ్గర దిగిపోతానంటే "ఐ విల్ గెట్ ఆఫ్ ఎట్ వారధి", అక్కడ ఆటో ఎక్కితే "ఐ గాట్ ఇన్ యాన్ ఆటో". మన కండక్టరు దగ్గర్నుంచి కాలేజీ లెక్చరర్ దాకా అందరూ వాడే "గెట్ డౌన్" ఇండియాలో అందరికీ అర్థమవుతుంది. బయట మాత్రం గట్టిగా "గెట్ డౌన్" అని అరిస్తే కిందకి వంగు, నేల మీద పడుకో అన్నట్టు.

అడుగు 5: చేయించుకోవడం, దీని మీద ఎక్కువ సేపు కూర్చోండి

ఓ సోమవారం మా క్లాసుకి ఓ కుర్రాడు శుభ్రంగా కటింగ్ చేయించుకుని వచ్చాడు. ఇంగ్లీష్‌లో మాట్లాడిద్దామని కదిపితే "ఎస్ సర్, ఐ కట్ మై హెయిర్ ఎస్టర్డే" అన్నాడు. "యూ?" అని వేళ్లతో కత్తెర ఆడిస్తూ చూపించా. "నో సర్, షాప్." మరి షాపువాడు కట్ చేస్తే ఐ కట్ అంటావేం? తెలుగులో చెప్పు అన్నా. "కటింగ్ చేయించుకున్నా సర్." చేసుకున్నా అని ఎందుకనలేదు? కాసేపు బోర్డు వంక చూసి, నవ్వి, "నేను చెయ్యలేదు కదా సర్" అన్నాడు.

అదీ విషయం. ఎవరి చేతో పని జరిగితే "ఇంచు" తగిలించాలని మనకి పుట్టుకతో తెలుసు. కుట్టడం, కుట్టించడం. కట్టడం, కట్టించడం. దిద్దడం, దిద్దించడం. ఈ "ఇంచు" కి ఇంగ్లీష్‌లో ఉన్న మాటే గెట్. వాడే పద్ధతి ఇలా ఉంటుంది: గెట్, తర్వాత వస్తువు, తర్వాత వెర్బ్ మూడో రూపం. వరస ముఖ్యం. "ఐ గాట్ మై హెయిర్ కట్", అంతేగానీ "ఐ గాట్ కట్ మై హెయిర్" కాదు.

మా గుంటూరు ఉదాహరణే తీసుకోండి. ఎండలు ముదిరాక ఇంట్లో మిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, డాబా మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, డబ్బా పట్టుకుని మర దగ్గరికెళ్లి క్యూలో తుమ్ముకుంటూ నిలబడి కారం పట్టించుకొస్తాం. ఎండబెట్టింది మనం, కాబట్టి "వి డ్రైడ్ ది చిల్లీస్". పట్టింది మరాయన, కాబట్టి "వి గాట్ దెమ్ గ్రౌండ్". గ్రైండ్‌కి మూడో రూపం గ్రౌండ్, నేలకీ దీనికీ సంబంధం లేదు. ఒకే వాక్యంలో రెండూ పెట్టి చూడండి, వి డ్రైడ్ ది చిల్లీస్ అండ్ గాట్ దెమ్ గ్రౌండ్. మన పనెంతో వాళ్ల పనెంతో అక్కడే తెలిసిపోయింది.

మిగతావి త్వరగా అనేసుకుందాం: జాకెట్టు కుట్టించుకుంది, షి గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్‌డ్. ఇంటికి రంగులేయించాం, వి గాట్ ది హౌస్ పెయింటెడ్. బండి సర్వీసింగ్ చేయించా, ఐ గాట్ మై బైక్ సర్వీస్‌డ్. పన్ను పీకించుకున్నా, ఐ గాట్ ఎ టూత్ పుల్‌డ్.

చేసిన మనిషిని కూడా చెప్పాలనుకుంటే పద్ధతి మారుతుంది, గెట్, మనిషి, టు, వెర్బ్ మొదటి రూపం. "ఐ గాట్ ది టైలర్ టు ఫినిష్ ఇట్ బై సండే." ఇందులో ఓ రుచి ఉంది, ఊరికే చెప్తే చెయ్యలేదు, వెంటపడి, బతిమాలి, పండగని చెప్పి ఎలాగోలా చేయించా అన్నట్టు. అదే "ఐ మేడ్ హిమ్ ఫినిష్ ఇట్" అంటే మెడమీద కూర్చుని చేయించినట్టు, "ఐ హ్యాడ్ హిమ్ ఫినిష్ ఇట్" అంటే చెప్పా, చేశాడు, అంతే. మేడ్‌కీ హ్యాడ్‌కీ టు ఉండదు, గాట్‌కి ఉంటుంది. టైలర్ల సంగతి తెలిసినవాళ్లకి ఏది వాడాలో చెప్పక్కర్లేదు.

అడుగు 6: తిట్లు తినడం, దెబ్బలు తినడం

పాసివ్ వాయిస్ అనగానే మనకి స్కూల్లో "రామునిచే రావణుడు చంపబడెను" గుర్తొస్తుంది. ఈ "బడు" ఎవడూ మాట్లాడడు. నిన్న మా బాస్ చేత నేను తిట్టబడ్డాను అని ఎవరైనా అన్నారా? తిట్లు తిన్నా అంటాం. దెబ్బలు తిన్నాడు, మోసపోయాడు, ఇరుక్కుపోయాం. ఇంగ్లీష్‌లో కూడా పుస్తకం పాసివ్‌కి "వాజ్", వీధి పాసివ్‌కి గాట్. ఐ గాట్ స్కోల్డెడ్. హి గాట్ చీటెడ్. వి గాట్ స్టక్ ఎట్ బెంజ్ సర్కిల్. ఫోన్ కొట్టేశారు అంటే "మై ఫోన్ గాట్ స్టోలెన్", ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్ అని మొదలెడితే నువ్వే కొట్టేయించావా అని ఎవడైనా జోకేసే ప్రమాదం ఉంది.

ఒక్క చోట మాత్రం దయచేసి వద్దు. "హిజ్ ఫాదర్ గాట్ ఎక్స్‌పైర్డ్" అని ఆఫీసు గ్రూపుల్లో పెడుతుంటారు. ఎక్స్‌పైర్ అయ్యేవి మందుబిళ్లలూ లైసెన్సులూ. మనిషైతే "పాస్‌డ్ అవే", దాని ముందు గాట్ కూడా ఉండదు.

అడుగు 7: గాట్ టు, మూడు ముఖాలు

ఇది వినడానికి ఒకేలా ఉంటుంది గానీ అర్థాలు వేరు. కృష్ణకి వరదొచ్చి ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తారనుకోండి. వెళ్లి చూసే అవకాశం దొరికింది అంటే "ఐ గాట్ టు సీ ఇట్". ఇంకా చూడలేదు, చూసి తీరాలి అంటే "ఐ హ్యావ్ గాట్ టు సీ ఇట్", మాట్లాడేటప్పుడు అది "ఐవ్ గాటా సీ ఇట్" అయిపోతుంది. ఊరికే బ్యారేజీ దాకా చేరుకున్నా అంటే "ఐ గాట్ టు ది బ్యారేజ్". గాట్ టు తర్వాత వెర్బ్ ఉందా, ఊరు పేరు ఉందా, ముందు హ్యావ్ ఉందా అని మూడు చూసుకుంటే చాలు.

ఈ హ్యావ్ గాట్ ఉట్టిగా వస్తే హ్యావ్ అన్నట్టే, "ఐవ్ గాట్ టూ సిస్టర్స్" అంటే ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు అని, వాళ్లని ఎక్కణ్నుంచో తెచ్చుకున్నారని కాదు. అమెరికా వాళ్లు "ఐవ్ గాటెన్ ఎ జాబ్" అంటే ఉద్యోగం సంపాదించా, "ఐవ్ గాట్ ఎ జాబ్" అంటే ఉద్యోగం ఉంది.

"గాట్ టు నో" సంగతి కూడా. "ఐ గాట్ టు నో దట్ యూ ఆర్ లీవింగ్" అని మనం రాస్తాం, తెలిసింది అనే అర్థంలో. వాళ్లయితే "ఐ హర్డ్" అంటారు, లేదంటే "ఐ ఫౌండ్ అవుట్". గెట్ టు నో అంటే మనిషితో మెల్లగా పరిచయం పెరగడం.

అడుగు 8: తోకలున్న గెట్‌లు

గెట్ వెనక చిన్న మాట చేరితే కొత్త అర్థం వస్తుంది, ఇవి చాలా ఉన్నాయి, అన్నీ ఒకేసారి మొదలెడితే ఏదీ మిగలదు. నేను మొదట ఇచ్చేవి ఇవి. గెట్ అలాంగ్ అంటే పడటం, పొసగడం, "దే డోంట్ గెట్ అలాంగ్", వాళ్లిద్దరికీ పడదు. గెట్ బై అంటే ఎలాగోలా నెట్టుకురావడం, జీతం తక్కువే గానీ "వి గెట్ బై". గెట్ ఓవర్ అంటే జ్వరం నుంచో ప్రేమ నుంచో తేరుకోవడం. గెట్ అవే విత్ అంటే తప్పు చేసి కూడా ఏమీ కాకుండా తప్పించుకోవడం, హెల్మెట్ లేకుండా వెళ్లినా ఎవరూ ఆపలేదనుకోండి, అదీ. గెట్ బ్యాక్ టు యూ అంటే కనుక్కుని మళ్లీ చెప్తా, ఆఫీసు మెయిల్స్‌లో ఇది చెప్పి చెప్పకపోవడం మామూలే. గెట్ రిడ్ ఆఫ్ అంటే వదిలించుకోవడం. నాకు ఇష్టమైంది ఒకటుంది, "వాట్ ఆర్ యూ గెట్టింగ్ ఎట్?" అంటే ఇంతకీ నువ్వు చెప్పొచ్చేదేంటి అని.

ఇక అర్థమవ్వడం. ఐ గెట్ ఇట్, గాట్ ఇట్ అంటే అర్థమైంది, ఐ డోంట్ గెట్ ఇట్ అంటే అర్థం కాలా. ఫోన్లో మాట సరిగ్గా వినబడకపోతే మాత్రం "సారీ, ఐ డిడింట్ క్యాచ్ దట్" అనండి, లేకపోతే అవతలివాడు నాకు చెప్పినట్టు మీకూ మూడుసార్లు పాఠం చెప్తాడు.

అడుగు 9: ఎక్కడ వాడకూడదు, ఎలా ప్రాక్టీస్ చేయాలి

అప్లికేషన్లు, ఆఫీసు ఉత్తరాలు, పరీక్ష ఎస్సేల్లో గెట్ తగ్గించండి. అది వీధి మాట, తప్పు కాదు, కానీ పెళ్లికి లుంగీలో వెళ్లినట్టు ఉంటుంది. "ఐ గాట్ యువర్ లెటర్" బదులు రిసీవ్‌డ్, గెట్టింగ్ వర్స్ బదులు వర్సెనింగ్, గాట్ టు బదులు అరైవ్‌డ్.

ప్రాక్టీస్‌కి నేను చెప్పేది ఇదే. ఇంగ్లీష్ వాక్యాలు చూడొద్దు. రోజూ పడుకునే ముందు ఆ రోజు మీ నోట్లోంచి వచ్చిన నాలుగు తెలుగు వాక్యాలు గుర్తు తెచ్చుకోండి, అందులో "నాకు వచ్చింది" ఉందా, "అవుతోంది" ఉందా, "చేరాం, దిగాం" ఉందా, "ఇంచు" ఉందా, "తిన్నా" ఉందా చూడండి. ఉంటే అక్కడ గెట్ పెట్టి పైకి అనండి. మనసులో కాదు, పైకి, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే. పదిహేను రోజులు చేస్తే వెతుక్కోకుండానే నోటికొస్తుంది.

ఆ కటింగ్ కుర్రాడు ఇరవై రోజుల తర్వాత క్లాసుకి రాలేనని వాట్సాప్ పెట్టాడు. "సర్, ఐ గాట్ మై బైక్ సర్వీస్‌డ్." చదివి మురిసిపోయా, స్క్రీన్‌షాట్ తీసి మా ఆవిడకి కూడా చూపించా. కింద ఇంకో లైను ఉంది. "బట్ ఐ డిడింట్ గాట్ ది బైక్ సర్, దే విల్ గివ్ టుమారో."